లోడెస్ట్‌లో ఒండ్రు లెక్క 41 శాతం ఎక్కువ చూపిస్తోంది, ఉప్పు లెక్క మాత్రం సరిపోతోంది. తేడా ఎక్కడ?

వరదగేజి:

అందరికీ నమస్కారం. గోదావరి ఉపనది మీద ఉన్న ఒక స్టేషన్ దగ్గర ఏటా ఎంత ఒండ్రు, ఎంత కరిగిన ఉప్పు కిందికి పోతోందో, అంటే లోడు ఎంతో, లెక్క కట్టాలి. వాడుతున్నది యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళ లోడెస్ట్, అంటే ప్రవాహం, శాంపిల్స్ నుంచి లోడు అంచనా కట్టే ప్రోగ్రాం, 2013లో సవరించిన వెర్షన్. చేతిలో ఉన్న డేటా ఇదీ:

ప్రవాహం: 2009 జూన్ నుంచి 2019 మే దాకా రోజూ ఉదయం 8 గంటల విలువ, క్యూమెక్కుల్లో (సెకనుకి ఘనమీటర్లు). ఖాళీలు లేవు.

ఒండ్రు: జూన్ నుంచి అక్టోబరు దాకా రోజుకొకటి, మిగతా నెలల్లో వారానికొకటి. ముతక, మధ్యరకం, సన్నం మూడూ విడివిడిగా, గ్రాములు/లీటరులో. మూడూ కూడి వాడాను.

కరిగిన పదార్థం, అంటే టీడీఎస్: నెలకొక శాంపిల్. మొత్తం 112.

లోడెస్ట్ తన దగ్గరున్న సమీకరణాల్లో తగినది తానే ఎంచుకునేలా మోడల్ నంబరు 0 ఇచ్చాను. ఒండ్రుకి 9వ మోడల్ పట్టుకుంది. ఆర్-స్క్వేర్ (మోడల్ డేటాకి ఎంత కుదిరిందో చెప్పే కొలత) 93 శాతం, కానీ బీపీ (కొలిచిన లోడు కంటే అంచనా ఎంత శాతం ఎక్కువో తక్కువో) +41. టీడీఎస్‌కి 4వ మోడల్, ఆర్-స్క్వేర్ 98, బీపీ +1.6. ఎండాకాలంలో ఒండ్రు 0.000 అని రాసి ఉన్న వరసలు చాలా ఉన్నాయి. సున్నాకి లాగ్ ఉండదు కాబట్టి వాటిని తీసేశాను.

అడగాల్సినవి మూడు. ఆర్-స్క్వేర్ 93 ఉన్నా 41 శాతం ఎక్కువ ఎలా వస్తుంది? సున్నాలు తీసేయడం తప్పా? లోడెస్ట్ వదిలి ఇదే పని చేసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఈగ్రెట్‌కి మారితే ఇది సర్దుకుంటుందా?

ఒండ్రుమట్టి:

ముందు అసలు విషయం. వర్షాకాలంలో మీకు రోజూ శాంపిల్ ఉంది. అలాంటప్పుడు ఆ అయిదు నెలలకి రిగ్రెషన్ (డేటాకి సమీకరణం కుదర్చడం) ఎందుకండీ? ఆ రోజు ప్రవాహాన్ని ఆ రోజు గాఢతతో గుణించి కూడితే లోడు వచ్చేసినట్టే. లోడెస్ట్, ఈగ్రెట్ లాంటివన్నీ శాంపిల్ లేని రోజుల కోసం పుట్టినవి. గోదావరి లాంటి నదిలో ఏడాది ఒండ్రులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వర్షాకాలంలోనే పోతుంది. ఆ భాగాన్ని కొలిచి పెట్టుకుని, దాని బదులు మోడల్ చెప్పిన అంకె తీసుకోవడం నష్టం.

చేత్తో సరిచూసుకునే సూత్రం: క్యూమెక్కులు × మిల్లీగ్రాములు/లీటరు × 0.0864 = రోజుకి టన్నులు. 8,000 క్యూమెక్కులు, 1.2 గ్రాములు/లీటరు అనుకోండి. 8,000 × 1,200 × 0.0864 = 8,29,440 టన్నులు. పెద్ద వరద రోజు ఒకటి తీసుకుని, మీ అవుట్‌పుట్‌లో ఆ రోజు విలువ పక్కన ఈ లెక్క పెట్టి చూడండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, లోడెస్ట్ ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో అడుగుతుంది, మీ దగ్గరున్నది క్యూమెక్కులు. పేపర్లో వరద వార్తలన్నీ క్యూసెక్కుల్లోనే చదువుతాం కాబట్టి ఆ యూనిట్ మనకి కొత్త కాదు. కానీ కేంద్ర జల సంఘం పట్టికలు క్యూమెక్కుల్లో ఉంటాయి. 35.3147తో గుణించాలి. మరిచిపోతే లోడు సుమారు 35 రెట్లు తగ్గుతుంది. ఆర్-స్క్వేర్, ఏఐసీ (మోడల్ ఎంచుకోవడానికి వాడే కొలమానం), బీపీ మాత్రం ఒక్క దశాంశం కూడా కదలవు, ఎందుకంటే లాగ్ తీశాక స్థిర గుణకం వెళ్ళి స్థిరాంకంలో కలిసిపోతుంది. యూనిట్ తప్పుని ఏ గణాంక పరీక్షా పట్టదు, చేతి లెక్క ఒక్కటే పడుతుంది. గ్రాములు/లీటరుని మిల్లీగ్రాములు/లీటరు అని ఇచ్చినా అదే కథ, అక్కడ వెయ్యి రెట్లు తేడా. కాలిబ్రేషన్ ఫైలు (మోడల్ కట్టే శాంపిల్స్) ఒక యూనిట్‌లో, ఎస్టిమేషన్ ఫైలు (లోడు కావాల్సిన రోజుల ప్రవాహం) ఇంకో యూనిట్‌లో ఉంటే అది మరీ ప్రమాదం.

ఇక +41 సంగతి. మీ విషయంలో రెండు కారణాలు కలిసి పనిచేస్తున్నట్టుంది.

ఒకటి, లాగ్ నుంచి మామూలు విలువకి తిరిగొచ్చేటప్పుడు వేసే సవరణ. లాగ్‌లో సగటు పట్టుకుని వెనక్కి తెస్తే లోడు తక్కువ వస్తుంది. దాన్ని సరిచేయడానికి రెసిడ్యువల్ (కొలతకీ మోడల్‌కీ తేడా) వేరియన్స్‌లో, అంటే చెదురులో, సగం తీసుకుని ఘాతం వేస్తారు. లోడెస్ట్ వాడే ఏఎమ్‌ఎల్‌ఈ పద్ధతి ఇంకొంచెం నాజూకుగా చేస్తుంది కానీ మూలం ఇదే. చిక్కేమిటంటే అన్ని రోజులకీ ఒకే వేరియన్స్ అనుకుంటుంది. ఎండాకాలంలో 0.004 ఒక వారం, 0.030 ఇంకో వారం ఉంటే లాగ్‌లో అది పెద్ద చెదురు, టన్నుల్లో చూస్తే లెక్కలోకి రాదు. ఉదాహరణకి ఎండాకాలం శాంపిల్స్ 300, వాటి వేరియన్స్ 1.8, వర్షాకాలానివి 1,530, వేరియన్స్ 0.35 అనుకుందాం. కలిపితే 0.59. సవరణ 1.34 రెట్లు పడుతుంది. వర్షాకాలానికి పడాల్సింది 1.19. పెద్ద వరద రోజుల వేరియన్స్ 0.2 మాత్రమే అయితే వాటికి చాలినది 1.11. అంటే ఫిబ్రవరిలో ఉన్న చెదురుకి జరిమానా ఆగస్టు వరద కడుతోంది: సుమారు 20 శాతం అదనం.

రెండోది, 9వ మోడల్‌లో ఉన్న వర్గ పదం. ఎండాకాలం నుంచి వరద దాకా ఒకే వంపు గీయాలి కాబట్టి పరవలయం కింది కొసలో కుదరడానికి వంగుతుంది, పై కొస దానంతట అది లేచిపోతుంది. వర్గ గుణకం 0.12 అనుకోండి. మధ్య విలువ నుంచి లాగ్‌లో 2.5 దూరంలో ఆ పదం ఒక్కటే 2.1 రెట్లు పెంచుతుంది, 3.2 దూరంలో 3.4 రెట్లు. నది అలా నడవదు. ఒక హద్దు దాటాక నీళ్ళు పెరుగుతాయి గానీ కొట్టుకొచ్చే మట్టి ఆ పాళ్ళలో పెరగదు, గాఢత చదునవుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఏఐసీ చూసేది లాగ్‌లో అన్ని పాయింట్లకీ సగటున ఎంత బాగా కుదిరిందని. టన్నులు ఎక్కడున్నాయో దానికి పట్టదు. అందుకే మోడల్ నంబరు 0 ఇచ్చి వదిలేయకూడదు. ఈ రెండు కారణాలనీ యూఎస్‌జీఎస్‌కి చెందిన రాబర్ట్ హిర్ష్ 2014 వ్యాసంలో విడమరిచి చూపించారు. బీపీ ఇటైనా అటైనా 25 శాతం దాటితే ఆ మోడల్ వాడొద్దని లోడెస్ట్ తన అవుట్‌పుట్‌లోనే చెబుతుంది.

సున్నాల సంగతి: తీసేయడం తప్పు. 0.000 అంటే ఒండ్రు లేదని కాదు, తూకానికి అందలేదని. మూడు దశాంశాల దాకా రాసిన పట్టిక కాబట్టి మిల్లీగ్రాములు/లీటరులోకి మార్చి ముందు 'కంటే తక్కువ' గుర్తు పెట్టి 1 అని ఇవ్వండి. ఏఎమ్‌ఎల్‌ఈ ఇలాంటి విలువలని సరిగ్గా వాడుకుంటుంది. తీసేస్తే మిగిలినవన్నీ కాస్త బురదగా ఉన్న రోజులే, కాబట్టి ఎండాకాలం లోడు పెరుగుతుంది. శాంపిల్ తీయని రోజుని కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 0 కొట్టి ఉండొచ్చు, అవి మాత్రం తీసేయాల్సిందే. ఆగస్టులో 0.000 కనపడితే దాదాపు కచ్చితంగా అదే.

ఆర్‌గోదారి:

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. ఈగ్రెట్ గురించి అడిగారు కాబట్టి అది చెబుతాను.

ఈగ్రెట్‌లో ఉండే పద్ధతి డబ్ల్యూఆర్‌టీడీఎస్, 2010లో వచ్చింది. మొత్తం రికార్డుకి ఒకే సమీకరణం కాకుండా, ప్రతి తేదీకి, ప్రతి ప్రవాహానికి విడిగా ఒక చిన్న రిగ్రెషన్ చేస్తుంది. ఆ తేదీకి దగ్గరి శాంపిల్స్‌కి ఎక్కువ బరువు, దూరానివాటికి తక్కువ. కిటికీ, అంటే ఎంత దూరం శాంపిల్స్ దాకా చూడాలో, డిఫాల్టుగా కాలంలో 7 ఏళ్ళు, ప్రవాహంలో 2 సహజ లాగ్ యూనిట్లు, రుతువులో అర సంవత్సరం. దీనివల్ల ఫిబ్రవరి చెదురు ఆగస్టు సవరణలోకి చాలావరకు రాదు, వర్గ పదం అసలు లేదు. మీ ఒండ్రు డేటాకి ఇది నప్పుతుంది.

టీడీఎస్‌కి మాత్రం మారకండి. ప్రతి చిన్న రిగ్రెషన్‌కీ కనీసం 100 శాంపిల్స్ ఉండాలని డిఫాల్టు. మీకున్నవే 112. చాలకపోతే కిటికీని 10 శాతం చొప్పున పెంచుకుంటూ పోతుంది, ఆఖరికి దాదాపు మొత్తం రికార్డునీ లోపలికి లాక్కుంటుంది. అప్పుడు లోడెస్ట్ కంటే మీకు పెద్దగా ఒరిగేది ఉండదు, పైగా నడవడానికి సమయం ఎక్కువ. టీడీఎస్‌కి లోడెస్ట్ 4వ మోడల్ చాలు.

ఎక్కించేటప్పుడు కాలు జారే చోట్లు:

మీ సొంత ఫైలు నుంచి రోజువారీ ప్రవాహం చదివే ఫంక్షన్‌కి యూనిట్ కోడ్ చెప్పకపోతే క్యూసెక్కులనే అనుకుంటుంది. క్యూమెక్కులకి 2 ఇవ్వాలి. గాఢత మిల్లీగ్రాములు/లీటరులో ఉండాలి. రోజువారీ ప్రవాహంలో ఒక్క ఖాళీ ఉన్నా ముందుకు పోదు, మీకు ఖాళీలు లేవు కాబట్టి సరే. జూన్–మే సంవత్సరం కావాలంటే విశ్లేషణ కాలాన్ని 6వ నెల నుంచి 12 నెలలు అని పెట్టండి. జూన్–అక్టోబరు ఒక్కటే చూడాలంటే 6వ నెల నుంచి 5 నెలలు. డిఫాల్టు అక్టోబరు–సెప్టెంబరు, అది అమెరికా నీటి సంవత్సరం. అలాగే వదిలేస్తే అక్టోబరు వరద వచ్చే ఏడాది ఖాతాలో పడుతుంది.

తేదీల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎక్సెల్‌లో 05/07 అని ఉన్న జులై 5ని మే 7గా చదివేసుకోవడం మామూలే. రోజు 12 దాటిన తేదీలు మారవు కాబట్టి డేటా సగం సరిగ్గా, సగం తప్పుగా ఉండి పైకి తెలియదు. నెలవారీ గరిష్ఠ ప్రవాహం గీసి చూడండి. జనవరి, మార్చిల్లో వరద కనిపించిందంటే తేదీలు తారుమారయ్యాయి.

మోడల్ అయ్యాక ముందు ఫ్లక్స్ బయాస్ (లోడు అంచనా ఎటు, ఎంత ఒరిగిందో) విలువ చూడండి. −0.1కీ +0.1కీ మధ్య ఉంటే నడుస్తుంది. ఆ తర్వాత రెసిడ్యువల్స్‌ని ప్రవాహం మీద, నెల మీద విడిగా చూడాలి. జూన్, జులైలో రెసిడ్యువల్స్ పైన, సెప్టెంబరులో కింద వరసగా ఉంటే అది నది గుణమే. ఎర్రనీరు వచ్చే తొలి వరదల్లో దుక్కి చేసి వదిలిన నేల నుంచి మట్టి కొట్టుకొస్తుంది, సెప్టెంబరు నాటికి పైరు నేలని కప్పేస్తుంది, అంతే ప్రవాహానికి నీళ్ళు తేరుకుని ఉంటాయి. డబ్ల్యూఆర్‌టీడీఎస్‌లో రుతువు పదం దీన్ని కొంత పడుతుంది. ఒకే వరదలో ఎక్కేటప్పటి మట్టికీ దిగేటప్పటి మట్టికీ ఉండే తేడాని మాత్రం ఆ రోజు ప్రవాహం ఒక్కటే చూసే మోడల్ ఏదీ పట్టదు.

మీ రికార్డు 2019తో ఆగింది. గోదావరి మీద పోలవరం ప్రభావం ఉన్న స్టేషన్‌కి ఎవరైనా ఇదే పని చేస్తుంటే జాగ్రత్త: 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు, దానికి ముందు, తర్వాత డేటాని ఒకే నదిగా చూడకూడదు. ఈగ్రెట్‌లో ఇలాంటిదానికే గోడ కట్టే సదుపాయం ఉంది. ఆ తేదీకి ఇవతలి శాంపిల్స్ అవతలి అంచనాలోకి రావు.

వరదగేజి:

ఇద్దరికీ ధన్యవాదాలు. యూనిట్ సరిగ్గానే ఉంది, చేతి లెక్కకి సరిపోయింది. ఆగస్టులో 0.000 ఉన్నవి తొమ్మిది దొరికాయి, రిజిస్టరులో చూస్తే అన్నీ శాంపిల్ తీయని రోజులే. వర్షాకాలానికి నేరుగా గుణించి కూడుతున్నాను. ఒక ఇబ్బంది: శాంపిల్ లేని రోజులు ఎక్కువగా పెద్ద వరద రోజులే. పడవ దించడం కుదరక వరసగా రెండు మూడు రోజులు ఖాళీ. అటూ ఇటూ ఉన్న గాఢతలని సరళరేఖతో కలిపితే సరిపోతుందా?

ఒండ్రుమట్టి:

వరద దిగే వైపు ఖాళీ అయితే సరళరేఖ చాలు. శిఖరం ఖాళీలో పడితే చాలదు. అటు ఎక్కుతున్న నీళ్ళు, ఇటు దిగుతున్న నీళ్ళు కలిపి గీత గీస్తే మధ్యలో ఉన్న అసలు కుప్ప కనపడదు. మోడల్‌నీ కొలతనీ కలిపి వాడాలి.

చేసే తీరు: వర్షాకాలం డేటాతో మాత్రమే ఒక మోడల్ కట్టండి. వర్గ పదం లేకుండా 4వది చాలు, లేదా ఈగ్రెట్. ఖాళీకి ముందు రోజు కొలిచిన గాఢతని మోడల్ గాఢతతో భాగించండి, ఉదాహరణకి 0.80 వచ్చింది. ఖాళీ తర్వాతి రోజు 1.10. మధ్యలో మూడు రోజులు ఖాళీ అనుకుంటే నిష్పత్తులు 0.875, 0.95, 1.025. రెండో రోజు శిఖరం, మోడల్ 1.6 గ్రాములు/లీటరు అంటోంది. 1.6 × 0.95 = 1.52 తీసుకోండి. శిఖరం ఆకారం ప్రవాహం నుంచి వస్తుంది, మట్టం అటూ ఇటూ కొలతల నుంచి వస్తుంది. ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషకి ఉన్న లోడ్‌ఫ్లెక్స్ ప్యాకేజీలో ఉండే కాంపోజిట్ పద్ధతి ఇదే. ఈగ్రెట్‌లో కాల్మన్ వెర్షన్ కూడా ఇదే దారిలో పోతుంది, అందులో ఒక రోజుకీ మర్నాటికీ ఉండే సంబంధం డిఫాల్టుగా 0.9 అనుకుంటుంది. ఖాళీ వారం దాటితే కొలతల పట్టు సడలిపోతుంది, అక్కడ మోడల్‌నే నమ్మాలి.

పెద్ద వరదల్లో ఖాళీలే ఎక్కువైతే మోడల్ చూసిన గరిష్ఠ ప్రవాహం కంటే అసలు గరిష్ఠం పైన ఉంటుంది. అప్పుడు అంచనా కొలతలు లేని ప్రాంతంలోకి పోతోందని లోడెస్ట్ హెచ్చరిక రాస్తుంది. చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. గోదావరిలో ఇది చిన్న విషయం కాదు: 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. మామూలు ఏళ్ళ డేటాతో కట్టిన మోడల్‌ని అలాంటి ఏడాదికి వాడితే ఆ ఏడాది లోడంతా నాలుగైదు రోజుల ఊహ మీద నిలబడుతుంది. అలాంటి రోజుల వాటా ఏడాది మొత్తంలో ఎంతో ఫలితం పక్కనే రాయండి.

ఇంకొకటి, లోడెస్ట్ ఇచ్చే విశ్వాస అవధిని (అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండొచ్చో) మీ ఒండ్రు లెక్కకి వాడకండి. రోజువారీ శాంపిల్స్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, సాఫ్ట్‌వేర్ వాటిని వేటికవి స్వతంత్రం అనుకుని అవధిని మరీ ఇరుకు చేస్తుంది. ఒక ఏడాది పక్కన పెట్టి మిగతా తొమ్మిదితో మోడల్ కట్టి, పక్కన పెట్టిన ఏడాది కొలిచిన లోడుతో పోల్చండి. పదేళ్ళకీ అలా చేస్తే మోడల్ తప్పు ఎంత ఉంటుందో నిజంగా తెలుస్తుంది.

నీళ్ళబొట్టు:

ఒండ్రు గురించే అందరూ మాట్లాడుతున్నారు, టీడీఎస్ దగ్గర కూడా ఒక లోపం ఉంది. ఆర్-స్క్వేర్ 98 చూసి తృప్తి పడకండి. లోడు అంటే ప్రవాహం × గాఢత. దాన్ని మళ్ళీ ప్రవాహం మీద రిగ్రెస్ చేస్తే ప్రవాహానికి ప్రవాహంతోనే సంబంధం చూస్తున్నట్టు. గాఢత కాలమ్‌ని అడ్డదిడ్డంగా కలిపేసి మళ్ళీ నడపండి, టీడీఎస్‌కి అప్పుడూ 90 దాటుతుంది. గాఢతకి విడిగా ఆర్-స్క్వేర్ తీసి అదే రాయండి. అది 40 వచ్చినా సిగ్గుపడక్కర్లేదు. కరిగిన ఉప్పు వరదలో పలచబడుతుంది గానీ ఒండ్రులా వందల రెట్లు మారదు, చెదురు తక్కువ, అందుకే నెలకొక శాంపిల్‌తో కూడా లోడు బాగా వస్తుంది. రెసిడ్యువల్ వేరియన్స్ 0.02 ఉంటే తిరుగు సవరణ ఒక్క శాతమే. మీ బీపీ +1.6 రావడానికి కారణం అదే.

అసలు అడగాల్సింది, ఆ టీడీఎస్ ఎలా కొలిచారని. 180 డిగ్రీల దగ్గర ఆవిరి చేసి తూచినదైతే బైకార్బొనేటులో సగం పైచిలుకు బొగ్గుపులుసు గాలిగా, నీటి ఆవిరిగా ఎగిరిపోయి కార్బొనేటు మాత్రమే మిగులుతుంది. అయాన్లని విడివిడిగా కొలిచి కూడినదైతే బైకార్బొనేటు పూర్తిగా ఉంటుంది. కూడిన దాన్ని తూచిన దానితో పోల్చాలంటే బైకార్బొనేటుని 0.4917తో గుణించాలి. 150 మిల్లీగ్రాములు/లీటరు ఉంటే 74కి దిగుతుంది. దక్కన్ నల్లరాతి నేలల మీదుగా వచ్చే నీళ్ళలో బైకార్బొనేటుదే పెద్ద వాటా కాబట్టి తేడా బాగా కనిపిస్తుంది. పదేళ్ళలో మధ్యలో పద్ధతి మారితే మోడల్‌కి అది కాలంతో వచ్చిన మార్పులా కనపడుతుంది. ఏ తేదీ నుంచి ఏ పద్ధతో రిజిస్టరులో చూడండి. విద్యుత్ వాహకత నుంచి గుణకం వేసి రాసిన టీడీఎస్ అయితే గుణకం తెలుసుకుని, ముందు వాహకతకే వెనక్కి వెళ్ళండి.

ఒండ్రు అంకె పక్కన కూడా ఒక మాట రాయాలి. శాంపిల్‌ని పై నుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర సీసాతో తీసి ఉంటే సన్నమట్టికి అది బాగానే సరిపోతుంది, నీటి నిండా ఒకేలా కలిసి ఉంటుంది కాబట్టి. ముతక ఇసుక అడుగు దగ్గర చిక్కగా, పైన పలచగా ఉంటుంది, ఒక్క లోతు శాంపిల్ దాని సగటుని ఇవ్వదు. అడుగున దొర్లే ఇసుక అసలు లెక్కలోనే లేదు. మీకు మూడు రకాలూ విడిగా ఉన్నాయి, కూడి ఒకటి చేయకండి. సన్నానికి, మధ్యరకానికి, ముతకకి మూడు లోడులు విడిగా తీయండి. ముతకకి ప్రవాహంతో పెరిగే వాలు నిటారుగా ఉంటుంది, సన్నానికి రుతువు ప్రభావం ఎక్కువ. రెండింటినీ ఒకే మోడల్‌లో ఇరికిస్తే రెంటికీ కుదరదు. చెరువుల్లో, జలాశయాల్లో పూడిక లెక్క వేసేవాళ్ళకి కావాల్సింది కూడా రకాల వారీగానే.

వరదగేజి:

టీడీఎస్ మొత్తం తూచినదే, పద్ధతి మారలేదని రిజిస్టరులో ఉంది. మూడు రకాలకీ విడిగా, వర్షాకాలం నేరుగా గుణించి, నవంబరు–మేకి లోడెస్ట్ 4వ మోడల్‌తో నడుపుతున్నాను. ముతక ఇసుకకి ఎండాకాలంలో దాదాపు అన్నీ 'కంటే తక్కువ' విలువలే వస్తున్నాయి. దానికేం చేయాలి?

ఒండ్రుమట్టి:

దానికి మోడల్ కట్టకండి. నిజంగా కొలతకి అందిన విలువలు సగం కూడా లేనప్పుడు వచ్చే గుణకాలకి ఆధారం ఉండదు. పై హద్దు కట్టి వదిలేయండి: ఎండాకాలం రోజు ప్రవాహం 100 క్యూమెక్కులు, గాఢత 1 మిల్లీగ్రాము/లీటరు కంటే తక్కువ అంటే రోజుకి 8.64 టన్నులకి మించదు. నవంబరు నుంచి మే దాకా 212 రోజులకి 1,832 టన్నులకి లోపు. ఒక్క వరద రోజు ముతక ఇసుక పక్కన పెట్టి చూస్తే అది ఎంత చిన్నదో మీకే కనపడుతుంది. ఫలితాల పట్టికలో ఆ గడిలో 'ఇంతకి లోపు' అని రాయండి, సున్నా రాయొద్దు.